శిఖర పుస్తకములను దింపవలదు

పర్వతారోహణమును ఒక వ్రతమువలె చేపట్టిన పాశ్చాత్య దేశములలో, ముఖ్యముగా అమెరికాలో, కొన్ని దశాబ్దములుగా ఒక అభిప్రాయము క్రమముగా బలపడి, నేడు విద్యావంతులగు ఆరోహకుల నడుమ ప్రశ్నింపరాని ధర్మమువలె చెల్లుబాటగుచున్నది. శిఖరాగ్రమున రాళ్లగుట్ట నడుమ, లోహపు పెట్టెలోనో సీసాలోనో భద్రపరుపబడి, అంత ఎత్తునకు వచ్చిన ప్రతి మనుష్యుడును తన పేరును, తేదిని, తోచినచో ఒకటి రెండు మాటలను వ్రాసిపోవుటకై ఉంచబడిన చిన్న పుస్తకము కలదే, దానినే వారు సమ్మిట్ రిజిస్టరు అందురు, అది మానవుడు ప్రకృతిపై విడిచిపోయిన చెత్తయే కాని వేరు కాదనియు, దానిని మోసికొని దిగివచ్చుట ప్రకృతికి చేయు సేవయనియు ఆ అభిప్రాయము యొక్క సారాంశము. ఈ అభిప్రాయము తప్పని నా నిశ్చయము. సదుద్దేశముతో చేయబడుచున్నది గనుకనే ఈ తప్పును ఎవ్వరును అడ్డగించుట లేదు. అడ్డగింపనందుననే, ఏండ్ల తరబడి మంచును పిడుగును ఓర్చి నిలిచిన పుస్తకములు ఒక్కొక్కటిగా శిఖరములనుండి మాయమగుచున్నవి.

ఎక్కినవాడు నిజముగా ఎక్కినట్లు ఎవరు చెప్పవలెనను ప్రశ్న పర్వతారోహణముతోపాటే పుట్టినది. 1492లో ఫ్రాన్సు రాజగు ఎనిమిదవ చార్లెసు ఆజ్ఞ చొప్పున ఆంత్వాన్ ద విల్ అను సేనాని, నిచ్చెనలను త్రాళ్లను వెంటగొని, నాలుగు వైపుల నిలువు గోడలవలె లేచిన మాంట్ ఎగ్విల్ శిఖరమును ఎక్కి, పైన మూడు శిలువలు నాటించి, అంతటితో తృప్తిపడక, గ్రెనోబుల్ న్యాయస్థానాధ్యక్షునకు అక్కడినుండియే లేఖ వ్రాసి పంపెను. రాజాజ్ఞ చేతనున్న సేనానికే సాక్ష్యము కావలసివచ్చెననగా, ఏ ఆజ్ఞయు ఏ పరివారమును లేని సామాన్యుని మాట చెప్పవలెనా? తరువాతి కాలమున ఆల్ప్స్ పర్వతములనెక్కినవారు తమ పేరులు వ్రాసిన చీటీలను సీసాలలోనుంచి రాళ్లగుట్టలలో దాచిరి. జర్మనీ, ఆస్ట్రియా దేశములవారు శిఖరములపై నాటిన శిలువలకు చిన్న పెట్టెలమర్చి వానిలో పుస్తకములుంచిరి. స్లొవేనియాలో యాకొబ్ అల్యాజ్ అను మతాచార్యుడు త్రిగ్లావ్ శిఖరాగ్రమును తన సొమ్ముతో కొని, 1895 ఆగస్టు 7న అక్కడ లోహపు గోపురమును నిలిపెను. నేటికిని ఆ దేశపు కొండలపై పేరు వ్రాయుటకు పుస్తకమును, ముద్ర వేసికొనుటకు ముద్రికయు ఉంచు ఆచారము కలదు. దానిని చెత్తయని ఆ ప్రజలు తలంపరు.

అమెరికాలో 1892లో జాన్ మ్యూర్ అధ్యక్షుడుగా ఏర్పడిన సియెరా క్లబ్బు సియెరా నెవాడా శిఖరములపై ఇట్టి పుస్తకములను పెట్టించినది. 1894 జూలై 19న ఆరెగాన్ రాష్ట్రమునందలి హుడ్ శిఖరాగ్రముననే సమావేశమై మజామాస్ అను ఆరోహక సంఘమును స్థాపించినవారును ఈ సంప్రదాయమును పెంచినవారే. పుస్తకము నిండినప్పుడు దానిని దింపి, దాని స్థానమున క్రొత్తదానిని పెట్టి, పాతదానిని క్లబ్బునకో గ్రంథాలయమునకో చేర్చుట వాడుక. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బాంక్రాఫ్టు గ్రంథాలయమున సియెరా క్లబ్బు శిఖర పుస్తకములు ఒక ప్రత్యేక సంచయముగా భద్రపరుపబడియున్నవి. జీతము లేని పనివాండ్రు, వీపుసంచులలో కాగితమును పెన్సిలును లోహపు పెట్టెలను మోసికొనిపోయి నిలిపిన సంస్థ ఇది. దీనికి ప్రభుత్వపు చట్టము లేదు, రుసుము లేదు, కావలివాడు లేడు. పైకి వచ్చువాని మర్యాదయే దానికి రక్ష.

ప్రతిపక్షమువారి మాటను పలుచన చేసి చూపి ఖండించుట వాదధర్మము కాదు గనుక, వారు చెప్పునది వారు చెప్పినంత బలముగనే చెప్పెదను. 1964లో అమెరికా శాసనసభ చేసిన అరణ్యసంరక్షణ చట్టము, మనుష్యుడు అతిథిగా వచ్చి పోవలసినదే కాని నిలువరాని భూభాగములను నిర్ణయించినది. అట్టిచోట ఇనుప పెట్టెకు తావెక్కడిది? జాడ విడువక నడువుమని బోధించు ఉద్యమము ఏర్పరచిన ఏడు సూత్రములు నేడు ప్రతి బడిపిల్లవానికిని తెలిసినవి; పేరు వ్రాయుట జాడ విడుచుటయే కదా? మరియు ఆ పెట్టెలను తెరచి చూచినచో వాన నీటికి నానిన కాగితములు, విరిగిన పెన్సిళ్లు, వ్యాపారుల చిరునామా చీటీలు, అంటింపు బొమ్మలు కనబడును. పేరు వ్రాయవలెనను కోరిక అహంకారము. ఎక్కిన దారినంతయు చేతిలోని ఫోను గుర్తుంచుకొనుచుండగా కాగితముతో పనియేమి? ఇది వారి వాదము. ఇందులో కాగితములు నానుట, వ్యాపారుల చీటీలు పోగగుట ముమ్మాటికి నిజము. ఆ చీటీలను దింపివేయుటకు నాకెట్టి ఆక్షేపణయు లేదు, దింపినవారికి నమస్కరింతును. కాని గుడి ఊడ్చుటకు వచ్చినవాడు వాడిన పూలతోపాటు విగ్రహమును కూడ ఎత్తి బయట పెట్టినచో దానిని శుభ్రత యనరు.

మొదట సాక్ష్యమును గూర్చి చెప్పవలెను. ఏలయన ఈ వివాదమంతటికిని ప్రాణమదియే, వాదించువారు దాదాపుగా మరచినదియు అదియే. ఉత్తరామెరికాలో అన్నింటికంటె ఎత్తైనదియు, డెనాలి యనియు మెకిన్లీ యనియు పిలువబడునదియు నగు పర్వతమును తాను 1906లో ఎక్కితినని ఫ్రెడరిక్ కుక్ ప్రకటించి, శిఖరాగ్రమున దీసినదని ఒక ఛాయాచిత్రమును గ్రంథమున అచ్చు వేయించెను. ఆ చిత్రము మెకిన్లీకి ఎంతో దూరముననున్న ఒక చిన్న గుట్టమీద తీసినదని తరువాత తేలినది. 1910లో ఫెయిర్‌బాంక్స్ ప్రాంతపు బంగారు గనుల పనివాండ్రు, కొండలెక్కు విద్యను ఎవరివద్దను నేర్వనివారు, పదునాలుగు అడుగుల దేవదారు వాసమును మోసికొని ఆ పర్వతముయొక్క ఉత్తర శిఖరమునకు పోయి దానిని అక్కడ నాటివచ్చిరి. వారి నాయకుడు తాను చేయని పనులను కూడ చేసితినని గొప్పలు పలికినందున, లోకము నిజముగా ఎక్కినవారి మాటను కూడ నమ్మలేదు. మూడేండ్ల తరువాత, 1913 జూన్‌లో, హడ్సన్ స్టక్ బృందము దక్షిణ శిఖరమునకు పోవుచుండగా, వారిలో వాల్టర్ హార్పర్ అను అలాస్కా యువకుడు దూరమున ఉత్తర శిఖరముపై నిలిచియున్న వాసమును చూచెను. దూరదర్శినితో తక్కినవారును చూచిరి. గనిపనివాండ్రు నిజము చెప్పిరని నాడు తెలిసినది. విద్యావంతుని ఛాయాచిత్రము అబద్ధమాడినది. నిరుపేద శ్రామికుల కొయ్యవాసము శిఖరముననే నిలిచియుండి వారి పక్షమున సత్యము పలికినది. దానిని నడుమ ఎవరైనను చెత్తయని పెరికి పారవేసియుండినచో ఆ శ్రామికులు చరిత్రలో అబద్ధీకులుగనే మిగిలియుందురు.

ఎవరెస్టు విషయమును చూడుడు. 1960 మే 25న ముగ్గురు ఆరోహకులు, వాంగ్ ఫూజౌ, గోన్పో, చూ యిన్‌హువా, ఉత్తరపు వైపునుండి తెల్లవారకమునుపే శిఖరమును చేరితిమని చైనా ప్రకటించినది. చీకటి వలన ఛాయాచిత్రము లేదు. తమ పేరులు వ్రాసిన చీటీని, మావో ప్రతిమను అక్కడ రాళ్ల నడుమ విడిచితిమని వారు చెప్పిరి. తరువాత వచ్చినవారికి అవి కనబడలేదు. పాశ్చాత్య లోకము ఏండ్ల తరబడి వారిని అనుమానించినది. 1975 మేలో చైనావారు మరల ఎక్కి, ఈసారి కొలతల కొరకు ఒక లోహపు ముక్కాలిని శిఖరముననే నాటిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 24న నైరృతి ముఖముగా ఎక్కి వచ్చిన బ్రిటిషు ఆరోహకులు డగ్ స్కాట్, డూగల్ హేస్టన్ ఆ ముక్కాలిని కన్నులార చూచిరి. ఆ రెండవ ఆరోహణమును గూర్చి ఇక అనుమానమునకు తావు లేకపోయినది. ఎవరెస్టుమీద ముక్కాళ్లు నాటుడని నేను చెప్పుట లేదు. మనుష్యుడు శిఖరమున విడిచినది తరువాతి మనుష్యునికి కనబడుటయే ఈ విద్యయందు తీర్పు. అట్టి తీర్పునకు ఉపకరించు సాధనములలో అన్నింటికంటె చిన్నది, తేలికయైనది, ఎవ్వరిని బాధింపనిది ఏదియనగా ఒక పుస్తకమే.

ఫోనును గూర్చిన వాదము ఇక్కడనే తేలిపోవుచున్నది. 2016లో మన దేశమునుండి వెళ్లిన ఒక జంట ఎవరెస్టు నెక్కితిమని ఛాయాచిత్రములను చూపి నేపాలు ప్రభుత్వమునుండి ధ్రువపత్రములను పొందగా, ఆ చిత్రములు ఇతరులవానిపై తమ రూపములను అతికి చేసినవని తేలి, ఆ ప్రభుత్వము వారి పత్రములను రద్దుచేసి పదియేండ్లు తన పర్వతములపై అడుగిడరాదని శాసించినది. చిత్రమును గదిలో కూర్చుండి కల్పింపవచ్చును. పుస్తకమును గదిలో కూర్చుండి వ్రాయుట సాధ్యము కాదు. అంతేకాక, తనకు ముందు ఎవరు వ్రాసిరో, ఏ తేదిన వ్రాసిరో చెప్పుమని అడిగినచో, వెళ్లనివాని నోట మాట రాదు. ఒకడు తన స్నేహితుని పేరును కూడ తానే వ్రాయవచ్చునని ఎవరైనను అనవచ్చును. వ్రాయవచ్చును, కాని చేవ్రాలు చేవ్రాలుగనే నిలిచి, పరీక్షింపదలచినవానికి పరీక్షకు లోబడియుండును. ఫోను గుర్తులో? అవి ఏదో ఒక వ్యాపార సంస్థ యంత్రములలో ఉండును. ఆ సంస్థ మూతపడినచో, లేక తన లెక్కలు మార్చుకొన్నచో, వానిని చదువగల వాడు లేడు. నూరేండ్ల క్రిందట పెన్సిలుతో వ్రాసిన పేరును చదువుటకు కన్నులు చాలును. చలికి ఫోనుల బలము హరించుకొనిపోవుననుట మంచు కొండలకు పోయిన ప్రతివానికిని అనుభవమే.

సాక్ష్యము కీర్తికొరకే కాదు, ప్రాణముకొరకు కూడ. 1933 ఆగస్టు మొదటి దినములలో శాన్ ఫ్రాన్సిస్కో న్యాయవాది వాల్టర్ స్టార్ అను ముప్పదియేండ్ల యువకుడు, ఒంటరిగా సియెరా నెవాడాలోని మినరెట్స్ అను సూదిమొనల శిఖరములకు పోయి తిరిగి రాలేదు. ఏ శిఖరమునకు పోవుచున్నాడో ఎవ్వరికిని తెలియదు. సియెరా క్లబ్బు ప్రముఖుడు ఫ్రాన్సిస్ ఫర్కర్ విమానము నెక్కి చూచెను. జూల్స్ ఐకార్న్, గ్లెన్ డాసన్, నార్మన్ క్లైడ్ మొదలగు ఆనాటి ఉత్తమ ఆరోహకులు కొండ కొండయు గాలించిరి. ఆ గాలింపులో శిఖరముల పుస్తకములను తెరచి స్టార్ పేరు కొరకు వెదకుట ఒక ముఖ్యమైన పని. పేరు కనబడిన చోటును, కనబడని చోటును వెదకువానికి సమానముగనే దారి చూపును. తక్కినవారు దిగిపోయిన తరువాత కూడ క్లైడ్ ఒక్కడే వెదకి, ఆగస్టు 25న మైఖేల్ మినరెట్ గోడపై ఆ యువకుని దేహమును కనుగొనెను. స్టార్ వ్రాసియుంచిన జాన్ మ్యూర్ దారి మార్గదర్శి మరుసటి సంవత్సరము అచ్చయినది; దానిని చేతబట్టి తరతరముల ఆరోహకులు నడచిరి.

ఒంటరిగా ఎక్కువారిని గూర్చి తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లావాడగు మల్లి మస్తాన్‌బాబు, ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 2006లో 172 దినములలో ఎక్కినవాడు, 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో చిలీ, ఆర్జెంటీనా సరిహద్దుననున్న త్రెస్ క్రూసెస్ శిఖరమునకు ఒంటరిగా పోయి, వార్త లేక, ఏప్రిల్ మొదటి వారములో విగతజీవుడై కనబడెను. ఆ దినములలో ఆంధ్రదేశములోను తెలంగాణములోను ఎందరు అతని వార్తకై ఎదురుచూచిరో మనకు జ్ఞాపకమే. శిఖర పుస్తకము అతనిని కాపాడియుండునని నేననను, అట్లనుట అసత్యము. ఆండీస్ ఆరోహకులకు మాత్రము ఒక చక్కని ఆచారము కలదు: శిఖరమునకు పోయినవాడు తనకు ముందు వచ్చినవాని చీటీని తీసికొని, తన చీటీని అక్కడ ఉంచి, దిగివచ్చిన తరువాత ఆ మొదటివాని చీటీని అతని సంఘమునకు చేర్చును. ఒకని మాటకు మరియొకడు, ముఖపరిచయమైన లేనివాడు, హామీయగుచున్నాడు. కొండమీది పెట్టెను చూచి చెత్తయను పండితులకు ఈ బంధము కనబడకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

ఇక జాడను గూర్చి. ఏ జాడ సహింపదగినది, ఏది కాదను ప్రమాణమును వారు నిలకడగా పాటించుట లేదు. సియెరా నెవాడాలో ఎత్తైన విట్నీ శిఖరము (14,505 అడుగులు) పైన, 1909లో స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రజ్ఞుల కొరకు కట్టిన రాతి గృహము నేటికిని నిలిచియున్నది. అది జాతీయ చారిత్రక కట్టడముల పట్టికలో కూడ చేరినది. అక్కడి వరకు కొండను తొలిచి దారి వేసిరి. యోసెమిటీలో హాఫ్ డోమ్ అను గుండుపై 1919 నాడు కట్టిన ఉక్కు త్రాళ్లను పట్టుకొని ఏటేట వేలకొలది ప్రజలు ఎక్కుచున్నారు. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన తెలుగువారిలో కూడ అనేకులు ఆ త్రాళ్లను పట్టినవారే. రాతి ఇల్లు ఉండవచ్చునట, ఉక్కు త్రాళ్లు ఉండవచ్చునట, రెండు వ్రేళ్ల మందము పుస్తకము మాత్రము అరణ్యమును చెరచునట! ఇంతకును వారు చెప్పుకొను ఆ ఏడు సూత్రములలో ఒకటి, కనబడినదానిని కనబడినచోటనే విడిచిపెట్టుమని స్పష్టముగా శాసించుచున్నది. పాత కట్టడములను, పూర్వుల వస్తువులను చూడవచ్చును కాని ముట్టరాదని దానికి వివరణము. 1920, 1930 ప్రాంతముల నాటి చేవ్రాళ్లున్న పుస్తకము పూర్వుల వస్తువు కాక మరేమి? దానిని సంచిలో వేసికొని దిగినవాడు తన సూత్రమును తానే త్రొక్కినవాడగును.

అధికారుల అనుమతి పత్రములు లేవా, వానిలో పేరులు లేవా యని కొందరు అడుగుదురు. ఉన్నవి. అనుమతి పత్రము బయలుదేరినవానిని చెప్పును, చేరినవానిని చెప్పజాలదు.

అహంకారమను నింద నాకన్నింటికంటె అన్యాయముగ తోచుచున్నది. గిర్నారు కొండ పాదమున ఒకే శిలపై అశోకుడు, రుద్రదాముడు, స్కందగుప్తుని అధికారులు వేర్వేరు యుగములలో వ్రాయించిన శాసనములు కలవు. వారు ప్రభువులు గనుక వారికి శిల దొరకినది, మనము వానిని చరిత్రయని పూజింతుము. సామాన్యుడు వ్రాసినచో అది అహంకారమగునా? సింహళదేశమున సిగిరియ కొండపైని నునుపైన గోడమీద, వందల ఏండ్లపాటు, ముఖ్యముగా ఎనిమిది, తొమ్మిది, పది శతాబ్దములలో, అక్కడికి వచ్చిన యాత్రికులు తమ పేరులను, ఊళ్లను, ఆ గోడలపైని చిత్రములను చూచి తమకు కలిగిన భావములను పద్యములుగా గీకిరి. పురాతత్త్వవేత్త సెనరత్ పరణవితాన వానిలో 685 రచనలను చదివి 1956లో ప్రకటించెను. ప్రాచీన సింహళ భాషకును కవిత్వమునకును నేడు అంతకంటె ప్రియమైన నిధి అరుదు. అందు వ్రాసినవారిలో భిక్షువులు కలరు, స్త్రీలు కలరు, ఉద్యోగులు కలరు. ఆ కాలమున శుభ్రతాభిమాని ఒకడు సున్నము పూసి ఆ గోడను చక్కజేసియుండినచో మనకేమి మిగిలియుండును?

గోడపై గీకుడని నా అభిప్రాయము కాదు. గోలకొండ గోడలపై ప్రేమికులు మేకులతో చెక్కిన పేరులను చూచినప్పుడు మనసు కలుక్కుమనని తెలుగువాడుండడు. పేరు వ్రాయవలెనను కోరిక మనుష్యునిలో ఉన్నది. దానిని ఉపదేశములతో చంపినవారు నేటి వరకు లేరు. దానికి కాగితము చూపనిచోట అది రాతిమీద పడును. శిఖర పుస్తకము ఆ కోరికకు గీచిన హద్దు: ఒక్క పంక్తి, ఒక్క పెన్సిలు, వెనుక వచ్చువానికి కూడ అంతే చోటు. మొట్టమొదట ఎక్కిన వీరునికిని, మార్గదర్శి చేయి పట్టుకొని వచ్చిన ముదుసలికిని అందు వేరు వేరు అక్షరముల పరిమాణములు లేవు. శిఖరమున తీసిన చిత్రమును క్షణములో లక్షమంది ముందు పరచుట కలదే, దానితో పోల్చినచో, ఎవరో ఎప్పుడో ఎక్కివచ్చి చదివిన చదువవచ్చును, లేనిచో లేదు అని పేరు వ్రాసి పెట్టె మూసి దిగిపోవుటకంటె వినయమైన పని నాకు కనబడదు.

ఇంకొక పక్షమువారు కలరు. వారు మెత్తని మాటలాడుదురు. పుస్తకము విలువైనదే, అందుచేతనే శిఖరముపై ఉంచరాదు, పిడుగునకును దొంగకును అప్పగింపరాదు, వెంటనే గ్రంథాలయమునకు చేర్చవలెను అని వారి మతము. నిండిన పుస్తకము విషయమున నేనును వారితో ఏకీభవింతును. అది పూర్వులు నేర్పిన పద్ధతియే. సగము పుటలు ఖాళీగానున్నదానిని దింపుట మాత్రము వేరు పని: అది జరుగుచున్న వ్యవహారమును నడుమ త్రెంచుట. మరియు పట్టణము కొండకంటె భద్రమని ఎవరు చెప్పిరి? 1906 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో భూకంపమును వెన్నంటి మంటలు చెలరేగినప్పుడు సియెరా క్లబ్బు కార్యాలయమును, అందలి పత్రములును బూడిదయైనవి.

కెనడాలోని ఆల్బర్టా శిఖరము కథ ఈ సందర్భమున తలచుకొనదగినది. 1925 జూలై 21న మాకి యూకో నాయకత్వమున ఆరుగురు జపాను ఆరోహకులు, స్విస్ మార్గదర్శులతో కూడి దానిని మొదటిసారి ఎక్కి, తమ పేరుల చీటీతోపాటు ఒక మంచుగొడ్డలిని శిఖరమున నిలిపివచ్చిరి. జపాను చక్రవర్తి ఇచ్చిన వెండి గొడ్డలియని లోకము కథలల్లుకొనినది. 1948లో రెండవసారి ఎక్కిన అమెరికనులు, ఫ్రెడ్ ఏయర్స్, జాన్ ఓబర్లిన్, అది సామాన్యమైన గొడ్డలియేయని కనుగొని, మంచునుండి లాగగా విరిగిన పై భాగమును తీసికొనిపోయిరి. క్రింది భాగము 1965లో జపానువారి చేతికి చిక్కినది. ఇరువది మూడేండ్లు శిఖరముపై అఖండముగా నిలిచిన వస్తువు, భద్రత పేర రెండు దేశములలో రెండు ముక్కలై, దశాబ్దముల తరువాత గాని ఒకటిగా చేరలేదు. నేడది ఆ పర్వత ప్రాంతపు పట్టణమగు జాస్పర్ వస్తుశాలలో ఉన్నది. అక్కడ ఉండుట మంచిదే, నేను కాదనను. ఆ గొడ్డలి వ్యవహారము ముగిసిన వస్తువు. పుస్తకము అట్టిది కాదు. దాని వ్యవహారము చివరి పుట వరకు ముగియదు.

ప్రతి శిఖరముపైనను పుస్తకముండవలెనని నా పట్టు కాదు. 1955 మే 25న కాంచనగంగను మొదటిసారి ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బాండ్, సిక్కిము ప్రజలకు అది దేవతాస్థానమగుటచే, పాలకునికిచ్చిన మాట చొప్పున చిట్టచివరి కొన్ని అడుగులను త్రొక్కక దిగివచ్చిరి. ఆస్ట్రేలియాలోని ఉలూరు శిలను ఎక్కవలదని దాని హక్కుదారులగు ఆదివాసులు ఎంతకాలమో వేడికొనగా, 2019 అక్టోబరు 26నుండి ఆరోహణమే నిషేధింపబడినది. కొండ ఎవరిదో వారు వద్దన్నచోట పుస్తకమును వద్దు, పాదమును వద్దు. ఆ నిర్ణయము ఆ ప్రజలది. అది ఒక బాటసారి తన మనసులో చేసికొని, పదిమంది సొత్తును సంచిలో వేసికొని వచ్చు నిర్ణయము వంటిది కాదు. శిఖర పుస్తకము పెట్టినవానిది కాదు, వ్రాసినవానిది కాదు, చదివినవానిది కాదు. వారందరిదియు, ఇంకను రాబోవువారిదియు. దానిని ఒక్కడు తన అభిప్రాయమునుబట్టి తొలగించుట పరుల సొత్తును హరించుటయే. అతని ఉద్దేశము ప్రకృతి ప్రేమయైనను సరే, పాత చేవ్రాళ్లను సేకరించు మోజైనను సరే, నా తీర్పు మారదు.

కావున ఆరోహకులకు నా విన్నపము. పెట్టెలో నీరు చేరినచో తుడిచి, మూత బిగింపుడు. వ్యాపారుల చీటీలను, అంటింపు బొమ్మలను దింపివేయుడు. నిండిన పుస్తకమును క్రొత్తది పెట్టిన తరువాతనే తీయుడు. తీసినది ఎక్కడికి పోవుచున్నదో క్రొత్తదాని మొదటి పుటపై వ్రాయుడు. పుటలను చిత్రములు తీసి అందరికిని అందుబాటున ఉంచుడు. ఖాళీ పుటలున్నదానిని ముట్టవలదు. మీలో ఎవరి ఇంటనైనను ఏ శిఖరమునుండియో తెచ్చిన పుస్తకమున్నచో, ఎందుకు తెచ్చితిరని ఎవ్వరును మిమ్ము నిలదీయనక్కరలేదు. అది నిండినదైనచో గ్రంథాలయమునకు అప్పగింపుడు. నిండనిదైనచో వచ్చే వేసవిలో మరల మోసికొనిపోయి, ఉండిన చోటనే ఉంచిరండు.